పెద్ద ఒర్రె, ఎర్ర విజిల్

ఆ విజిల్ జొన్నల డబ్బా అడుగున దొరికింది. అత్తమ్మ పోయి ఏడాది దాటినా ఆ డబ్బా జోలికి పోవడానికి నాకు మనసు రాలేదు. పురుగు పట్టిందేమోనని మొన్న ఆదివారం చాటలో కుమ్మరిస్తే జొన్నలతో పాటు ఎర్రటి ప్లాస్టిక్ విజిల్ కూడా పడింది. దానికి నల్లదారం అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా జర్దా వాసన. అత్తమ్మ ఏది దాచినా జొన్నల్లోనే దాచేది. చెవి కమ్మలు, రేషన్ కార్డు, మా ఆయన చిన్నప్పటి వెండి మొలతాడు, అన్నీ ఆ డబ్బాలోనే. దొంగలొచ్చేది రొట్టెలు చేసుకోవడానికి కాదు కదా అనేది. నా కూతురు విజిల్ లాక్కుని నోట్లో పెట్టుకోబోతే, "ఆగవే, కడగనీ" అని చేతిలోంచి తీసుకున్నాను. తీసుకున్నాను గానీ కడగబుద్ధి కాలేదు. కడిగితే ఆ వాసన పోతుంది. కొంగుకు ముడేసుకుని చాట ముందే కూర్చుండిపోయాను. ఆ పూట జొన్నలను పురుగులకే వదిలేశాను.

శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన ఏడాదే నేనూ ఈ ఊరికి కోడలినై వచ్చాను. దానికి జరిగిన హడావిడిలో సగం కూడా నా పెళ్లికి జరగలేదు. మా పుట్టిల్లు జల్‌పల్లిలో. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, పక్కింట్లో పోపు వేస్తే మనింట్లో తుమ్ములు. ఇక్కడేమో పాల్మాకుల దాటి మట్టి బాట పడితే ఇంటికీ ఇంటికీ మధ్య ఒక బర్రెల కొట్టం, ఒక గడ్డివాము. చీకటి ఉండగానే అత్తమ్మ రొట్టెలు కొట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. ఆ వెనకే పొగ, పేడ, జర్దా కలిసిన వాసన. అత్తమ్మ పేరు యాదమ్మ. పని చేస్తున్నంతసేపూ మాట్లాడని మనిషి, దవడలో జర్దా ఉన్నంతసేపు అసలే మాట్లాడదు. మామ నర్సింహ దానికి పూర్తిగా ఉల్టా. చాయ్ తాగి, చెవి మీద బీడీ పెట్టుకుని, వాకిట్లో నడుము మీద చేతులేసుకుని విమానాలు చూసేవాడు. ఏ విమానం కనబడినా, "గిది దుబాయ్ పోతున్నది" అని ఊరికి చాటేవాడు. చక్రాలు కిందికి దించి శంషాబాద్ వైపు దిగుతున్న విమానం కూడా ఆయన లెక్కలో దుబాయే పోయేది.

దిగుతుంది కదా మామా అని అడగాలని నా నాలుక ఒకటే దురద. కానీ ఆ రోజుల్లో మా ఇంట్లో మామ ముందు కోడలు మాట్లాడకూడదు. తల మీద కొంగు జారకూడదు, ఆయన ఎదుట మంచం మీద కూర్చోకూడదు, నవ్వొస్తే కొట్టంలోకి పోయి నవ్వుకుని రావాలి. నేను పుట్టుకతోనే వసపిట్టను. పెళ్లైన కొత్తలో నేను ఎక్కువగా మాట్లాడింది బర్రెలతోనే. మా ఆయనతో మాట్లాడదామంటే ఆయనకు ఎయిర్‌పోర్టులో సామాను మోసే డ్యూటీ, ఇంటికి రాగానే గుర్రు. అందుకని బర్రెలకు నా కష్టసుఖాలన్నీ తెలుసు.

నాకు ఊపిరాడింది పెద్ద ఒర్రె వల్ల. వానలకు నీళ్లు పారే చిన్న వాగును మా దగ్గర ఒర్రె అంటారు. ఊరి వెనక రెండు బండల గుట్టల మధ్య ఆ నీళ్లు ఎన్ని తరాల నుంచి కోశాయో గానీ, అక్కడ పెద్ద లోయే పడింది. పైన నిలబడి చూస్తే అడుగున మేసే మేకలు పిల్లుల్లా కనబడేవి. అటూ ఇటూ సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, అడుగున ఇసుక. లోయ నడిమధ్య మంచాలు వేసినట్టు పరుచుకున్న రాయి ఒకటి, దాన్ని సాపు బండ అనేవాళ్లం. పొద్దు వాలుతుంటే ఊరి ఆడవాళ్లంతా మేకలకు ఆకు కోయడానికి కొడవళ్లు పట్టుకుని ఒర్రెకు పోయేవాళ్లు. ఆకు కోసేది కాసేపు, సాపు బండ మీద కూర్చునేది చాలాసేపు. మొదటి రోజు నేను అలవాటు కొద్దీ కొంగు సర్దుకుంటూ ఓ మూల నిలబడితే, అత్తమ్మ దవడలోని జర్దా ఉమ్మేసి, లేచి, నడుము మీద చేతులేసుకుని ఆకాశంలోకి చూసి, "గిది దుబాయ్" అంది. అచ్చం మామ గొంతే. నేను బిత్తరపోయి చూస్తుంటే, "నవ్వు పిల్లా, ఈడ మామ లేడు" అంది. ఇక నన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. పక్కింటి అంజమ్మక్క నా వీపు మీద చరిచి నీళ్లు తాగించాల్సి వచ్చింది.

అలాంటి ఒర్రెకు ఎయిర్‌పోర్టు రోడ్డొచ్చి చేటు తెచ్చింది. విమానాశ్రయం చుట్టూ ఇళ్లు, హోటళ్లు లేవడం మొదలుకాగానే, పగలగొట్టిన గోడలూ మిగిలిన కూరలూ ట్రాక్టర్లలో తెచ్చి మా లోయలో కుమ్మరించడం మొదలుపెట్టారు. ఆ వెనకే ఒక మాట పుట్టింది. ఎలాగూ సర్కారు జాగానే కదా, పూర్తిగా పూడ్చి ప్లాట్లు చేస్తారట. ఆ మాట విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. జాగా మాది కాదు, చెట్లు మావి కావు. అయినా ఒర్రె పోతే నేను మళ్లీ బర్రెల ముందే నవ్వుకోవాలి. అదీ నా బాధ, దాచుకోవడం దేనికి. మామకు వేరే బాధ, ఆయన మేకలు అక్కడే మేసేవి. ఎవరి బాధ వాళ్లదైనా ఊరంతా కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగితే, చివరికి ఒక సారు జీపులో వచ్చాడు.

ఆ సారుది విశాఖ వైపు. ప్రతి మాట చివరా అండీ అంటుంటే మా మామ మర్యాదకు ఇబ్బంది పడి కుర్చీలో సగమే కూర్చున్నాడు. సారు ఒర్రె అంతా దిగి చూసి, సంచిలోంచి ఒక ఫోటో తీశాడు. "మా వైపు సముద్రం పక్కనే ఇలాంటి లోయ ఒకటి ఉందండీ. అంతా ఎర్రమట్టి. ఊరివాళ్లే దాన్ని పార్కు చేసుకుని, వాళ్లే కాపలా కాసుకుంటున్నారు. మీరూ అలా చేసి చూపించండి. దసరా వెళ్లాక వస్తాను. శుభ్రంగా ఉంటే ఇది ఊరి పార్కు అని పైకి రాస్తాను. చెత్త కనిపించిందా, ఇక నా చేతుల్లో ఏమీ ఉండదండీ" అన్నాడు. మామ ఆ ఫోటోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "అంత మంచిగనే ఉన్నది సారూ. మరి సముద్రం ఏడికెళ్లి తేవాలె?" అని అడిగాడు. సముద్రం అవసరం లేదండీ అన్నాడు సారు. "గట్లయితే చేస్తం" అన్నాడు మామ, పెద్ద బరువు దిగినట్టు.

మరుసటి రోజే కమిటీ పడింది. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మగవాళ్లు, వాళ్లకు చాయ్ ఇస్తూ మేము. మామే పెద్ద. మా ఊళ్లో బోరు నీళ్లకైనా గుడి ఊడ్చడానికైనా వంతు పద్ధతే. ఒర్రెకూ అదే పెట్టారు. రోజుకొక ఇల్లు కాపలా కాయాలి. ఒక కట్టె, ఒక ఎర్ర విజిల్. పొద్దుగూకగానే వాటిని పక్కింటికి అప్పజెప్పాలి. మామ స్వయంగా రేకు బోర్డు మీద రాశాడు: చెత్త వేయరాదు, పొయ్యి పెట్టరాదు, బీడీ తాగరాదు, తాగి రారాదు. మొదట్లో మగవాళ్లు తెల్లచొక్కాలు తొడుక్కుని ఠీవిగా కాపలాకు పోయారు. తరవాత చెట్టు కింద పత్తాలాట, అదే పేకాట. ఆ తరవాత ఒక్కొక్కరికే పనులు గుర్తుకొచ్చాయి. "ఇయ్యాల నాకు జర పనున్నది, నువ్వు వో" అని ప్రతి ఇంట్లోనూ ప్రతి మగవాడూ పెళ్లానికి చెప్పాడు. చూస్తుండగానే కమిటీలో అందరూ మగవాళ్లు, కాపలాలో అందరూ ఆడవాళ్లు అయిపోయారు. దీనికి ఎవరూ తీర్మానం చేయలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎలాగూ రోజూ పోయేవాళ్లమే, ఇప్పుడు చేతిలో విజిల్ ఉంది.

అత్తమ్మ చేతిలో ఆ విజిల్ చూడాల్సిందే. చెత్త ట్రాక్టరు వస్తే బాటకు అడ్డంగా నిలబడి, డ్రైవర్ రివర్సు గేరు వేసేదాకా ఊదేది. మాట్లాడని మనిషికి మాటలన్నీ అందులోనే దొరికాయి. ఒకరోజు మామ కమిటీ పెద్ద హోదాలో తనిఖీకి వచ్చి, చెట్టుకు ఆనుకుని బీడీ ముట్టించాడు. అత్తమ్మ చెవుల తుప్పు వదిలేలా ఊదింది. "ఏందే, మొగుడన్నట్టు సుత చూడవా?" అన్నాడు మామ. "విజిల్‌కు మొగుడేంది? ఆర్పు" అంది అత్తమ్మ. ఆయన చుట్టూ చూసి, బీడీని రాయికి రుద్ది ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. సాయంత్రం కుర్చీల దగ్గర మాత్రం, "నా మీద సుత కొట్టింది మా ఆమె, గట్లుంటది మా ఇంటి కాపలా" అని గొప్పగా చెప్పుకున్నాడు.

వానలు వెనకబట్టాక మామకు ముస్తాబు మీద మనసు పోయింది. "ఎయిర్‌పోర్టు ముంగట చూడుండ్రి, రాళ్లకు సుత రంగులేసిండ్రు. మనమేం తక్కువ?" అన్నాడు. రంగు డబ్బాలు ఎవరి దగ్గర ఉన్నాయి? మాకు తెలిసిన రంగులు రెండే, పండక్కి గోడలకు పూసే సున్నం, జాజు. ఊరంతా ఒర్రెలో దిగాం. బండలకు తెల్లగా సున్నం కొట్టి, నడుముకు ఎర్రగా జాజు పట్టీలు వేశాం. సాపు బండకు మొత్తం జాజు అలికి అత్తమ్మ ముగ్గేసింది. అయినా కళ తక్కువైందని అంజమ్మక్క లోయ మొదట్లో నిలువుగా ఉన్న రాతికి పసుపు బొట్లు కూడా పెట్టింది. చూడటానికి రెండు కళ్లూ చాలలేదు. చదువుకున్నవాళ్లం, చదువుకోనివాళ్లం, అందరం కలిసే పూశాం, ఒక్కరికీ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి చేతికి అలవాటైన పని కదా, అనుమానం ఎందుకు వస్తుంది?

మరునాడు పొద్దున ఆ నిలువు రాయి ముందు ఎవరో కొట్టిన కొబ్బరికాయ ఉంది. ఆ తరవాత నిమ్మకాయలు, ఊదుబత్తీలు. ఆ తరవాత ఒక లారీ ఆగి, డ్రైవర్ చెప్పులు విడిచి దిగి వచ్చి, "అమ్మ ఎప్పుడు ఎలిసింది అక్కా?" అని అంజమ్మక్కను అడిగాడు. మేము ఎయిర్‌పోర్టులా చేశామనుకున్న బండలు దారిన పోయే ప్రతి మనిషికీ మైసమ్మలా కనబడ్డాయి. తప్పు వాళ్లది కాదు, ఈ ప్రాంతంలో సున్నం, జాజు, పసుపు ఉన్న రాయిని చూసి దండం పెట్టకుండా పోయే మనిషెవరు? తొండుపల్లి నుంచి ఆటోలు కట్టుకుని రావడం మొదలైంది. కోళ్లు కోయడం, అక్కడే వండటం, తిన్న విస్తర్లు, తాగిన సీసాలు. ట్రాక్టర్లు పోసిన చెత్త కంటే భక్తులు పోసిన చెత్త ఎక్కువైంది. కాపలా వాళ్లం విజిల్ నోట్లో పెట్టుకుని గుడ్లప్పగించి చూడటమే. "మొక్కేటోళ్ల మీద విజిల్ ఎట్ల కొడ్తమే, కండ్లు పోతయి" అనేది అంజమ్మక్క. కమిటీని అడిగితే, "అమ్మనే కాపలా ఉన్నదంటె మంచిదే గద" అన్నాడు మామ. రోజూ ఈకలు ఊడ్చేది మేమైతే ఆయనకు మంచిదే మరి.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ రోజుల్లోనే మా బర్రె ఒకటి తప్పిపోయింది. మామ దిక్కుతోచక ఆ రాయికి కోడిని మొక్కాడు. సాయంత్రానికి బర్రె తనంతట తనే తోక ఊపుకుంటూ ఇంటికొచ్చింది. ఇక మామను పట్టలేకపోయాం. దసరా పోయాక వచ్చే ఆదివారం చుట్టాలను పిలిచి, ఒర్రెలోనే కోసి వండి మొక్కు తీర్చాలని ఖాయం చేశాడు. సారు సోమవారం పొద్దున్నే వస్తున్నాడని అప్పటికే కబురు వచ్చింది. అంజమ్మక్కా నేనూ అంతకుముందు రెండు పూటలు నడుములు విరిగేలా ఊడ్చి ఒర్రెను ఒక దారికి తెచ్చి ఉన్నాం. పైగా ఆ ఆదివారం వంతు మా ఇంటిదే. వంట బాధ్యత అత్తమ్మకు పడింది కాబట్టి విజిల్ నా మెళ్లో పడింది.

పొద్దెక్కాక వచ్చారు. ముందు మామ, నోట్లో బీడీ. వెనక అత్తమ్మ నెత్తి మీద గిన్నెతో, ఆమె వెనక కట్టెల మోపు, కోడిని చంకలో పెట్టుకున్న మామ తమ్ముడు, ఇంకా చుట్టాలు. నేను బాట పక్కన కొంగు పళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డాను. ఊరుకుంటే రేపు పొద్దున సారు చూసేది బూడిదా ఈకలూ. ఆ తరవాత ప్లాట్లు. సాపు బండ మీద ఎవరో గేటు పెట్టుకుంటారు. ఊదితే మాత్రం ఊరి చరిత్రలో మామ మీద విజిల్ కొట్టిన కోడలిని నేనే. మా వాళ్లు జల్‌పల్లి నుంచి వచ్చి నన్ను తీసుకుపోవడం కూడా కళ్ల ముందు కనబడింది. ఇంకో ఇబ్బంది, కొంగూ విజిలూ ఒకేసారి పళ్లతో పట్టడం కుదరదు. కొంగు వదిలేశాను. ఊపిరంతా తీసుకుని ఊదాను.

లోయ కదా, ఆ కూత అటు గుట్టకు తగిలి ఇటు గుట్టకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. మామ తమ్ముడు ఉలిక్కిపడటంతో కోడి చంక లోంచి దూకి తంగేడు పొదల్లో పడింది. మామ వెనక్కి కూడా చూడకుండా, అలవాటుగా బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. అప్పుడు ఆయనకు అత్తమ్మ తన వెనకే గిన్నె మోస్తూ నడుస్తోందని గుర్తొచ్చింది. "నువ్వు ఈడ్నే ఉంటివి. విజిల్ ఎవలు కొట్టిండ్రు?" అన్నాడు. మెల్లగా తిరిగి నన్ను చూశాడు. చూసి, నాతో మాట్లాడకూడదు కాబట్టి గాలినడిగాడు, "ఇయ్యాల ఎవల వంతు?"

"మనింటిదే" అంది అత్తమ్మ.

"మనింట్ల ఎవలది?"

"కోడల్నే అడుగు. దానికి నోరున్నది గద."

నా నోరు ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నట్టు తెరుచుకుంది. "నాదే మామా. ఈడ పొయ్యి పెట్టొద్దు. బోర్డు మీద మీరే రాసిండ్రు" అన్నాను. చుట్టాల నోళ్లు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా ఒక విమానం పోయింది. అంత కోపంలోనూ మామ తల పైకెత్తాడు. "దిగుతున్నది మామా" అన్నాను. నోరు ఎలాగూ తెరిచాను కదా, దాచుకున్నదంతా వచ్చేసింది. "గది దుబాయ్ పోతలేదు, ఏడికెళ్లో వస్తున్నది." అత్తమ్మ నెత్తి మీది గిన్నె కదిలింది. నవ్వు ఆపుకుంటోందని నాకొక్కదానికే తెలిసింది. మామ ఆ విమానం గుట్ట అవతల మాయమయ్యేదాకా చూశాడు. "అవ్, దిగుతున్నది" అన్నాడు చివరికి. "బోర్డు సుత నేనే రాస్తి. ఇగ నడువుండ్రి, ఇంటి కాడ వండుకుందం."

"మరి మొక్కు ఎట్ల అన్నా?" అన్నాడు మామ తమ్ముడు, పొదల్లో కోడి కోసం వెతుకుతూ. దానికి అత్తమ్మ దగ్గర జవాబుంది. ఎన్నాళ్ల నుంచి ఆలోచించి పెట్టుకుందో. "అమ్మను సాగనంపుదం" అంది. ఆ మధ్యాహ్నం ఊరి ఆడవాళ్లంతా వేపకొమ్మలూ పసుపునీళ్ల చెంబులూ తెచ్చారు, ముందు డప్పు. అత్తమ్మ ఆ రాయి ముందు నిలబడి, ఇంటికొచ్చిన ఆడబిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడింది. "తల్లీ, మేం పిలువలే, మా సున్నం చూసి వచ్చినవ్. నీకు ఊర్ల గుడున్నది, పోచమ్మ కాడికి వో. ఈడ మేం కూసుంటం. కోపం పెట్టుకోకు." చెంబులో నీళ్లు, వేపాకు పట్టుకుని డప్పుతో ఊరి గుడిదాకా దిగబెట్టి వచ్చాం. మామ మొక్కు అక్కడే తీరింది. పొద్దుగూకేలోపు భక్తులు వదిలేసిన కొబ్బరి పీచుతోనే బండలన్నీ తోమాం, మగవాళ్లు బిందెలతో నీళ్లు మోశారు. కమిటీ అంతా నీళ్లు మోయడం నేను చూసింది అదొక్కసారే. సున్నం పోయింది గానీ సాపు బండ జాజు మాత్రం ఎంత తోమినా వదల్లేదు. తెల్లారి సారు వచ్చి, లోయంతా తిరిగి, సాపు బండ దగ్గర ఆగాడు. "ఇది సహజంగానే ఎర్రగా ఉందాండీ? మా వైపు మట్టి గుర్తొస్తోంది" అన్నాడు. "పుట్టుకతోనే సార్" అన్నాడు మామ, కన్ను ఆర్పకుండా. సారు రాసుకున్నాడు. ఒర్రె నిలబడింది.

ఇప్పుడు దానికి గేటుంది, బెంచీలున్నాయి, పిల్లలకు ఉయ్యాలలున్నాయి. కాపలాకు యూనిఫాం వేసుకున్న మనిషి ఉన్నాడు, ఆయన చూపు ఎప్పుడూ సెల్‌ఫోన్ మీదే. వంతులు పోయాయి, విజిల్‌ను అత్తమ్మ ఎప్పుడు దాచేసిందో నాకే తెలియదు. కమిటీలో ఆడవాళ్లు కుర్చీల్లోనే కూర్చుంటున్నారు, చాయ్ ఎవరిది వాళ్లే తెచ్చుకుంటున్నారు, అది బాగుంది. పట్నం పిల్లలు వచ్చి సాపు బండ మీద కూర్చుని, ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూసుకోకుండానే పకపకా నవ్వుతారు. నాకు అసూయ లేదు, ఉన్నా కొంచెమే. మా ఇంట్లో కూడా కొంగు తల మీది నుంచి జారిపోయి చాలాకాలమైంది. మామతో నేను వాదులాడని రోజు లేదు. ఏ విమానం ఎక్కడికి పోతుందో నా కూతురి ఫోను చెబుతుంది, ఫోను ఏం చెప్పినా మామ దుబాయ్ అనే అంటాడు. నవ్వడానికి చోటు వెతుక్కునే అవసరం ఇప్పుడు లేదు. అప్పుడు నవ్వించిన మనిషి లేదు. ఆ బండ మీద ఒక్కదాన్నే కూర్చుని చూశాను, నవ్వు రాలేదు.

విజిల్ దొరికిన ఆదివారం సాయంత్రం నేను జొన్నలు డబ్బాలోకి ఎత్తుతుంటే, నా కూతురు వెనకగా వచ్చి కొంగు ముడి విప్పి విజిల్ తీసుకుని వాకిట్లోకి పరుగెత్తింది. కడగలేదే అని నేను అరిచేలోపే ఊదేసింది. మామ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. చూపు బాగా తగ్గింది, బీడీ ముట్టొద్దని దవాఖానలో చెప్పినా అప్పుడే ఒకటి ముట్టించాడు. విజిల్ వినగానే ఆయన చెయ్యి దానంతట అదే లేచి నోట్లోంచి బీడీని తీసింది.

"ఇయ్యాల ఎవల వంతు?" అని గాలినడిగాడు.

"ఏం వంతు తాతా?" అంది నా కూతురు.

నేను చాట కింద పెట్టి గడపలోకి వచ్చాను. "అత్తమ్మది మామా" అన్నాను.

ఆయన వంగి బీడీని నేలకు రుద్ది ఆర్పాడు. చెవి మీద పెట్టుకున్నాడు. ఒర్రె వైపు చూసి, "గట్లనా. అయితే ఇయ్యాల ఇగ తాగను" అన్నాడు.